అనలాగ్‌కీ డిజిటల్‌కీ మధ్య ఉన్న గట్టును కూడా సిమ్యులేట్ చేయాలి

సంపాదకులకు నమస్కారం.

మీ విజ్ఞాన పేజీలో సర్క్యూట్ డిజైన్ మీద వచ్చిన వ్యాసం చదివితే, సిమ్యులేషన్‌లో, అంటే కంప్యూటర్ లెక్కలో, పనిచేసిన సర్క్యూట్ బోర్డు మీదా పనిచేసినట్టే అనిపిస్తుంది. వోల్టేజి ఎడతెగకుండా మారే ఒట్టి అనలాగ్ సర్క్యూట్‌కి, సున్నా ఒకట్లతో నడిచే ఒట్టి డిజిటల్ సర్క్యూట్‌కి ఆ మాట చాలావరకు చెల్లుతుంది. రెండూ కలిసిన సర్క్యూట్‌కి చెల్లదు. థర్మామీటర్, బ్యాటరీ చార్జర్, మోటార్ కంట్రోలర్ ఏది విప్పి చూసినా లోపల రెండూ కలిసే ఉంటాయి. ప్రాజెక్టులు చేసే విద్యార్థులు మీ పేజీని నమ్మి బోర్డు చేయించుకుంటారు కాబట్టి ఇంత వివరంగా రాస్తున్నాను.

అనలాగ్ వైపు లెక్క కట్టే పద్ధతి 1973లో బర్కిలీ విశ్వవిద్యాలయంలో వెలువడిన స్పైస్ అనే సిమ్యులేషన్ ప్రోగ్రాం నుంచి వచ్చింది. కాలాన్ని చిన్న చిన్న అడుగులుగా కోసి, ప్రతి అడుగులోనూ అన్ని నోడ్‌ల (తీగలు కలిసే చోట్ల) వోల్టేజీలనూ ఒకేసారి సాధిస్తుంది. సమాధానం నిలకడకు వచ్చేదాకా అదే అడుగును మళ్లీ మళ్లీ లెక్కిస్తుంది. డిజిటల్ సిమ్యులేటర్‌కి ఈ బాధ లేదు. ఏదైనా సిగ్నల్ మారినప్పుడే అది లేస్తుంది, మిగతా కాలాన్ని దాటేస్తుంది. దానికి ముఖ్యమైన విలువలు నాలుగు: సున్నా, ఒకటి, తెలియని స్థితికి ఎక్స్, వదిలేసిన తీగకు జెడ్. మిశ్రమ సిమ్యులేషన్ అంటే ఈ రెండింటినీ జోడెడ్లలా ఒకే కాడికి కట్టి నడిపించడం. వాటి మధ్య వోల్టేజీని లాజిక్‌గా, లాజిక్‌ను వోల్టేజీగా మార్చే బ్రిడ్జిలు ఉంటాయి. స్పైస్ సంతతిలోని ఎన్‌జీస్పైస్‌లో ఎక్స్‌స్పైస్ భాగం వీటిని ఏడీసీ బ్రిడ్జి (అనలాగ్ నుంచి డిజిటల్‌కి), డీఏసీ బ్రిడ్జి (డిజిటల్ నుంచి అనలాగ్‌కి) అంటుంది. మిశ్రమ సర్క్యూట్లను వర్ణించే భాష వెరిలాగ్ ఏఎంఎస్‌లో ఆ పనిని కనెక్ట్ మాడ్యూళ్లు చేస్తాయి. రెండు పొలాల తగాదా గట్టు దగ్గరే మొదలైనట్టు, మిశ్రమ సర్క్యూట్ లోపాల్లో ఎక్కువ భాగం ఈ బ్రిడ్జిల దగ్గరే పుడతాయి. ఆ బ్రిడ్జిలను ఎవరూ ముట్టుకోరు, ఉన్న విలువలతోనే నడిపేస్తారు.

డీఏసీ బ్రిడ్జినే తీసుకోండి. అది ఆదర్శ వోల్టేజి సోర్స్. ఎంత కరెంటు లాగినా వంగదు. అసలు మైక్రోకంట్రోలర్ పిన్‌కి కొన్ని పదుల ఓముల లోపలి రెసిస్టెన్స్ ఉంటుంది, కొన్ని పికోఫారడ్ల కెపాసిటెన్స్ ఉంటుంది. కాబట్టి బ్రిడ్జి తర్వాత సిరీస్‌లో 30 నుంచి 50 ఓములు, పిన్ దగ్గర గ్రౌండ్‌కి 5 పికోఫారడ్లు పెట్టాలి. ఎక్కే సమయం, దిగే సమయం 2 నుంచి 5 నానోసెకన్లు ఇవ్వాలి. ఎక్కే సమయాన్ని సున్నాకి దగ్గరగా పెడితే సిమ్యులేటర్ ఆ అంచును పట్టుకోవడానికి అడుగును కుదించుకుంటూ పోయి, చివరికి టైమ్ స్టెప్ మరీ చిన్నదైందని ఆగిపోతుంది.

ఏడీసీ బ్రిడ్జిలో రెండు గీతలు ఉంటాయి. కింది గీత కంటే తక్కువైతే సున్నా, పై గీత కంటే ఎక్కువైతే ఒకటి, మధ్యలో ఎక్స్. 3.3 వోల్టుల సీమాస్ ఇన్‌పుట్‌కి 30 శాతం, 70 శాతం లెక్కన ఆ గీతలు 0.99 వోల్టు, 2.31 వోల్టులు. నెమ్మదిగా ఎక్కే సిగ్నల్ వచ్చినప్పుడు తెర మీద ఎక్స్ కనబడుతుంది. చాలామంది దాన్ని వదిలించుకోవడానికి రెండు గీతలనూ 1.65 వోల్టుల దగ్గరకు తెచ్చేస్తారు. దయచేసి అలా చేయవద్దు. సిగ్నల్ ఆ మధ్య ప్రాంతంలో ఎక్కువసేపు ఉంటోందని, అక్కడ ష్మిట్ ట్రిగ్గర్ (ఎక్కేటప్పుడు ఒక గీత, దిగేటప్పుడు ఇంకో గీత వాడే ఇన్‌పుట్) కావాలని ఆ ఎక్స్ చెబుతోంది. దాన్ని చెరిపేస్తే బోర్డు మీద ఆ కబురు చెప్పేవాళ్లు ఉండరు.

ఇక కచ్చితత్వం సంగతి. స్పైస్‌లో లెక్కలో ఎంత తేడాను ఒప్పుకోవాలో చెప్పే రెల్‌టాల్ అనే సెట్టింగ్ మామూలుగా 0.001 ఉంటుంది, అంటే 0.1 శాతం. 12 బిట్ల ఏడీసీలో (వోల్టేజీని అంకెగా మార్చే భాగంలో) ఒక మెట్టు పూర్తి స్కేలులో 4096వ వంతు, అంటే 0.024 శాతం. కొలవాల్సిన మెట్టు కంటే కొలబద్ద గీతలే నాలుగు రెట్లు దూరంగా ఉన్నాయన్నమాట. ఆ సెట్టింగ్‌తో ఏడీసీ ముందు భాగాన్ని సిమ్యులేట్ చేసి డిస్టార్షన్ బాగుందనో లేదనో చెప్పడంలో అర్థం లేదు. రెల్‌టాల్‌ను 0.00001 చేయాలి, గరిష్ఠ అడుగును శాంపిల్ కాలంలో నూరో వంతుకు కట్టేయాలి. స్పైస్ రకాల్లో ఒకటైన ఎల్‌టీస్పైస్ వాడేవాళ్లు వేవ్‌ఫారం కంప్రెషన్‌ను కూడా ఆపాలి, ప్లాట్‌విన్‌సైజ్‌ను సున్నా చేస్తే ఆగుతుంది. లేదంటే ఎఫ్ఎఫ్‌టీలో (సిగ్నల్‌ను ఫ్రీక్వెన్సీలుగా విడదీసే గ్రాఫ్‌లో) కనబడే నాయిజ్ అడుగుమట్టం సర్క్యూట్‌ది కాదు, కంప్రెషన్‌ది. సిమ్యులేషన్ కన్వర్జ్ కాకపోతే (సమాధానం నిలకడకు రాకపోతే) మాత్రం రెల్‌టాల్ సడలించడం మొదటి మందు కాకూడదు. ముందు తేలుతున్న నోడ్‌లు వెతకాలి. రెండు కెపాసిటర్ల మధ్య చిక్కుకున్న నోడ్‌కి గ్రౌండ్‌కి డీసీ దారి ఉండదు, అక్కడ ఒక గిగా ఓమ్ రెసిస్టర్ పెడితే చాలు. వేవ్‌ఫారం ప్రతి అడుగుకీ పైకీ కిందికీ ఊగుతుంటే అది ట్రాపిజాయిడల్ లెక్క పద్ధతి జబ్బు, గేర్ పద్ధతికి మార్చి చూస్తే తేలిపోతుంది.

మొదలయ్యే స్థితి గురించి చెప్పడానికి 555 టైమర్ కంటే మంచి ఉదాహరణ లేదు. హాన్స్ కామెంజిండ్ సిగ్నెటిక్స్ కోసం రూపొందించిన ఈ చిప్ 1972లో మార్కెట్లోకి వచ్చింది. రెండు కంపారేటర్లు (రెండు వోల్టేజీలను పోల్చేవి), ఒక లాచ్ (స్థితిని గుర్తుంచుకునేది), ఒక డిశ్చార్జ్ ట్రాన్సిస్టర్, మూడు సమాన రెసిస్టర్ల నిచ్చెన. మిశ్రమ సర్క్యూట్ పాఠం అంతా అందులోనే ఉంది. 10 కిలో ఓములు, 68 కిలో ఓములు, 10 నానోఫారడ్లు పెట్టి ఆస్టేబుల్‌గా (తనంతట తాను ఊగేలా) కడితే 986 హెర్ట్జ్ దగ్గర ఊగాలి. లాచ్‌ను డిజిటల్ మోడల్‌గా, మిగతాదాన్ని అనలాగ్‌గా పెట్టి రన్ చేస్తే ఒక్కోసారి గీత అడ్డంగా పడుకుంటుంది. సిమ్యులేటర్ ముందుగా డీసీ స్థితిని సాధించి, కెపాసిటర్‌ను మధ్యలో ఎక్కడో నిలబెడుతుంది. అక్కడ రెండు కంపారేటర్లలో ఏదీ పలకదు, లాచ్ ఎక్స్‌లోనే ఉండిపోతుంది. కెపాసిటర్‌కి తొలి వోల్టేజి సున్నా ఇస్తే కదులుతుంది గానీ, సప్లైని సున్నా నుంచి 5 వోల్టులకు ఎక్కించడం ఇంకా మంచి పద్ధతి, ఎందుకంటే అసలు జరిగేది అదే. ఒకసారి 1 మిల్లీసెకనులో, ఒకసారి 100 మిల్లీసెకన్లలో ఎక్కించి చూడాలి. రీసెట్ పిన్‌కి రెసిస్టర్, కెపాసిటర్ మాత్రమే పెట్టిన సర్క్యూట్లు మొదటిదానిలో నెగ్గి రెండోదానిలో ఓడిపోతాయి. సప్లై నెమ్మదిగా ఎక్కుతున్నప్పుడు రీసెట్ కూడా దాని వెంటే ఎక్కేస్తుంది, చిప్ లేచేసరికి రీసెట్ ముగిసిపోయి ఉంటుంది.

ఇప్పుడు ఏడీసీ ఇన్‌పుట్ పిన్ లోపలికి తొంగి చూద్దాం. సిమ్యులేషన్‌లో చాలామంది ఏడీసీని ఒక డబ్బాలా పెడతారు, వోల్టేజి లోపలికి, కోడ్ బయటకు. నిజానికి పిన్ వెనక ఒక స్విచ్, ఒక చిన్న కెపాసిటర్ ఉంటాయి. స్విచ్ 1 కిలో ఓమ్, కెపాసిటర్ 20 పికోఫారడ్లు అనుకుందాం. సెన్సర్ వైపు నుంచి 10 కిలో ఓములు వస్తున్నాయి. మొత్తం 11 కిలో ఓములను 20 పికోఫారడ్లతో గుణిస్తే టైమ్ కాన్‌స్టంట్ 0.22 మైక్రోసెకన్లు. 12 బిట్లలో సగం మెట్టు లోపలికి స్థిరపడాలంటే అలాంటివి 9 కావాలి, అంటే దాదాపు 2 మైక్రోసెకన్లు. శాంప్లింగ్ సమయం 1 మైక్రోసెకనే పెట్టారనుకోండి. ఒకే ఏడీసీ చాలా చానెళ్లను (ఇన్‌పుట్లను) వంతులవారీగా చదువుతుంది. ముందు చదివిన చానెల్ 3 వోల్టుల దగ్గర, ఇప్పటిది 0.5 వోల్టు దగ్గర ఉంటే, కెపాసిటర్ పాత 3 వోల్టులను మోసుకొచ్చి పూర్తిగా దించుకోలేదు. 26 మిల్లీవోల్టులకు పైగా మిగిలిపోతుంది. 3.3 వోల్టుల రిఫరెన్స్ మీద ఒక మెట్టు 0.806 మిల్లీవోల్టు కాబట్టి తప్పు 33 మెట్లు. ఈ జబ్బును బోర్డు మీద గుర్తుపట్టడం తేలిక: ఒకటో చానెల్ నాబ్ తిప్పితే రెండో చానెల్ రీడింగ్ కదులుతుంది.

మందు వేయడంలోనూ పొరపాట్లు జరుగుతాయి. పిన్ దగ్గర 10 నానోఫారడ్ల కెపాసిటర్ పెట్టమని అందరూ సలహా ఇస్తారు. 20 పికోఫారడ్లు దాని నుంచి చార్జి పంచుకుంటే వోల్టేజి 5 మిల్లీవోల్టులు కదులుతుంది, అంటే ఇంకా 6 మెట్లు. చానెళ్ల మధ్య తేడా పూర్తి స్కేలంత ఉన్నా మెట్టు లోపల ఉండాలంటే 82 నానోఫారడ్లు దాటాలి, 100 నానోఫారడ్లు సరిపోతుంది. కానీ 10 కిలో ఓములతో కలిస్తే దాని టైమ్ కాన్‌స్టంట్ 1 మిల్లీసెకను. సెకనుకు పదిసార్లు చదివే ఉష్ణోగ్రత సెన్సర్‌కి అది మేలే. సెకనుకు పదివేలసార్లు చదివే సిగ్నల్‌కి అది ఉరితాడు, కెపాసిటర్ కోలుకునేలోపే మళ్లీ లాగేస్తారు. అక్కడ శాంప్లింగ్ సమయం పెంచాలి, లేదా ఆప్‌యాంప్ బఫర్ (వోల్టేజీని మార్చకుండా కరెంటు అందించే యాంప్లిఫయర్) పెట్టాలి. ఆ బఫర్ కూడా ఆ తోపుకి తట్టుకుని సమయానికి స్థిరపడుతుందో లేదో అదే సిమ్యులేషన్‌లో చూడాలి. ఇదంతా తెలియాలంటే స్విచ్, కెపాసిటర్ గీసి, ప్రతి శాంపిల్‌కీ పాత చానెల్ వోల్టేజితో మొదలయ్యేలా పెడితే చాలు, పది నిమిషాల పని.

కంపారేటర్ దగ్గర సిమ్యులేటర్ ఇంకో రకంగా మోసం చేస్తుంది. మామూలు ట్రాన్సియెంట్ (కాలంతో పాటు నడిచే) రన్‌లో నాయిజ్ ఉండదు. నెమ్మదిగా ఎక్కే వోల్టేజి గీత దాటినప్పుడు అవుట్‌పుట్ ఒక్కసారే మారుతుంది. బోర్డు మీద అదే గీత దగ్గర ఒక మిల్లీవోల్టు నాయిజ్ చాలు, అవుట్‌పుట్ పదిసార్లు టపటపలాడుతుంది, వెనకున్న కౌంటర్ ఒక్క పల్స్‌ను పదిగా లెక్కేస్తుంది. ఇన్‌పుట్‌కి సిరీస్‌లో నాయిజ్ సోర్స్ పెట్టి మళ్లీ రన్ చేయండి. ఎన్‌జీస్పైస్‌లో దానికి ట్రాన్సియెంట్ నాయిజ్ సోర్స్ ఉంది. మందు హిస్టెరిసిస్, అంటే ఎక్కే గీతకీ దిగే గీతకీ మధ్య ఎడం ఉంచడం. ప్లస్ ఇన్‌పుట్ ముందు 10 కిలో ఓములు, అవుట్‌పుట్ నుంచి ప్లస్ ఇన్‌పుట్‌కి 1 మెగా ఓమ్ పెడితే, 5 వోల్టుల అవుట్‌పుట్‌కి దాదాపు 50 మిల్లీవోల్టుల ఎడం వస్తుంది. అక్కడితో ఆగకూడదు. కంపారేటర్ అవుట్‌పుట్‌కి క్లాక్‌తో పొంతన ఉండదు కాబట్టి దాన్ని వరుసగా రెండు ఫ్లిప్‌ఫ్లాప్‌ల గుండా పంపాలి. క్లాక్ అంచు దగ్గరే ఇన్‌పుట్ మారితే ఫ్లిప్‌ఫ్లాప్ కాసేపు ఎటూ తేల్చుకోలేదు. మెటాస్టెబిలిటీ అనే ఈ ఇబ్బంది లాజిక్ సిమ్యులేటర్‌లో తనంతట తాను ఎప్పటికీ కనబడదు. కనబడలేదు కాబట్టి లేదనుకోవద్దు.

స్కీమాటిక్‌లో గ్రౌండ్ గుర్తు పెట్టగానే సిమ్యులేటర్‌కి గ్రౌండ్లన్నీ ఒక్కటే. బోర్డు మీద అలా కాదు. ఎనిమిది డిజిటల్ అవుట్‌పుట్లు ఒకేసారి మారుతూ ఒక్కొక్కటి 20 మిల్లీ ఆంపియర్ల కరెంటును 2 నానోసెకన్లలో గ్రౌండ్ పిన్‌లోకి తోస్తే, 5 నానోహెన్రీల పిన్ ఇండక్టెన్స్ మీద 0.4 వోల్టు లేస్తుంది. మన 12 బిట్ల ఏడీసీ అదే గ్రౌండ్ పిన్‌ను నమ్ముకుని ఉంటే అది దాదాపు 500 మెట్లు. ఆ 5 నానోహెన్రీలను బొమ్మలో గీయండి, చిప్ గ్రౌండ్‌ను బోర్డు గ్రౌండ్‌ను వేరే నోడ్‌లుగా పేరు పెట్టండి. చిప్ సప్లై పక్కన పెట్టే డీకప్లింగ్ కెపాసిటర్‌కి కూడా తన ఇండక్టెన్స్ ఉంటుంది: 100 నానోఫారడ్లకు 1 నానోహెన్రీ తోడైతే 16 మెగాహెర్ట్జ్ దాటాక అది కెపాసిటర్‌లా కాక కాయిల్‌లా ప్రవర్తిస్తుంది. గ్రౌండ్ ప్లేన్‌ను రెండుగా చీల్చమనే సలహా ఇప్పటికీ వినబడుతుంది. నా అభిప్రాయంలో ఒకే ప్లేన్ ఉంచి, అనలాగ్ భాగాలను ఒక వైపు, డిజిటల్ భాగాలను ఇంకో వైపు పెట్టడమే మేలు. చీలిక మీదుగా ఒక్క ట్రాక్ దాటినా దాని తిరుగు కరెంటు చుట్టూ తిరిగి రావాలి, ఆ చుట్టే యాంటెన్నా అవుతుంది.

స్విచింగ్ రెగ్యులేటర్ గురించి ఒక్క మాట. దాన్ని సగటు విలువల మోడల్‌తో పెడితే రన్ వేగంగా అవుతుంది, కానీ రిపుల్ (వోల్టేజి మీది చిన్న అల) మాయమవుతుంది. 405 కిలోహెర్ట్జ్ దగ్గర స్విచ్ అయ్యే రెగ్యులేటర్ రిపుల్, 100 కిలోహెర్ట్జ్ దగ్గర శాంపిల్ చేసే ఏడీసీలో 5 కిలోహెర్ట్జ్ సిగ్నల్‌గా ముసుగేసుకుని వస్తుంది. డేటాలోకి వచ్చాక ఏ డిజిటల్ ఫిల్టరూ దాన్ని అసలు సిగ్నల్ నుంచి విడదీయలేదు.

రన్ గంటలు పడుతోందని మోడళ్లను తేలిక చేయడం తప్పు కాదు. పరీక్షిస్తున్న భాగాన్ని ట్రాన్సిస్టర్ స్థాయిలో ఉంచి, మిగతావాటికి ప్రవర్తన మోడళ్లు వాడుకోవచ్చు. అయితే తేలిక మోడల్‌నీ అసలు భాగాన్నీ ఒకే టెస్ట్‌బెంచ్ మీద నడిపి పోల్చాలి. రెసిస్టర్లకు 1 శాతం, కెపాసిటర్లకు 10 శాతం తేడా ఇచ్చి మాంటె కార్లో రన్‌లు (విలువలను యాదృచ్ఛికంగా మార్చి చాలాసార్లు నడపడం) వేయాలి. స్పైస్ మామూలుగా 27 డిగ్రీల దగ్గరే లెక్కిస్తుందని గుర్తుపెట్టుకుని చల్లని, వేడి చివరలు విడిగా చూడాలి. వందల రన్‌ల వేవ్‌ఫారాలను కంటితో చూసి తేల్చడం అయ్యే పని కాదు, మెజర్ ఆదేశాలతో పాస్, ఫెయిల్ అంకెలు రాబట్టాలి.

బోర్డు చేతికొచ్చాక పరీక్ష వరుస కూడా ముఖ్యం. ముందు కరెంటు పరిమితి పెట్టిన సప్లైతో వోల్టేజీలు, తర్వాత క్లాక్, తర్వాత రీసెట్. ఆసిలోస్కోప్ ప్రోబ్‌కి ఉండే పొడవాటి గ్రౌండ్ తీగను తీసేసి చిన్న స్ప్రింగ్ తగిలించాలి. 150 నానోహెన్రీల తీగ, ప్రోబ్‌లోని 12 పికోఫారడ్లు కలిసి 120 మెగాహెర్ట్జ్ దగ్గర మోగుతాయి, ఆ మోతను సర్క్యూట్ లోపమని పొరబడతారు.

ఆ తర్వాత ఏడీసీకి స్కేలు మధ్యలో ఒక నిలకడైన, బాగా ఫిల్టర్ చేసిన డీసీ వోల్టేజి ఇచ్చి 4096 శాంపిళ్లు తీసి హిస్టోగ్రామ్ గీయాలి. గ్రౌండ్‌కి కలిపి చేస్తే సగం నాయిజ్ సున్నా కిందకు పోయి కనబడదు, అందుకే స్కేలు మధ్యలో. ఒకే గుట్టగా, కొద్ది కోడ్‌లలో ఒదిగి వస్తే మంచిది. రెండు గుట్టలు కనబడితే డిజిటల్ వైపు నుంచి ఏదో తోస్తోందని అర్థం. శాంపిళ్లను వెంటనే సీరియల్ పోర్టులో పంపకుండా మెమరీలో దాచి, అన్నీ అయ్యాక పంపి చూడండి. రెండో గుట్ట మాయమైతే దోషి దొరికినట్టే.

చివరిది సైన్ వేవ్ పరీక్ష. శాంప్లింగ్ 1 మెగాహెర్ట్జ్, శాంపిళ్లు 4096 అయితే ఇన్‌పుట్‌ను సరిగ్గా 31,005.86 హెర్ట్జ్ పెట్టాలి. అప్పుడు ఆ 4096 శాంపిళ్లలో సరిగ్గా 127 చక్రాలు పడతాయి, 127 ప్రధాన సంఖ్య కాబట్టి ప్రతి శాంపిల్ వేవ్ మీద కొత్త చోట పడుతుంది. గుండ్రంగా 31,000 పెడితే శక్తి పక్క బిన్‌లలోకి కారిపోతుంది. జనరేటర్ క్లాక్‌నూ ఏడీసీ క్లాక్‌నూ ఒకే రిఫరెన్స్‌కి కట్టలేకపోతే విండో (శాంపిళ్ల వరుస రెండు చివరలనూ మెల్లగా తగ్గించే లెక్క) వాడక తప్పదు. జనరేటర్ తన హార్మోనిక్స్ తాను తెస్తుంది, దాని తర్వాత ఒక బ్యాండ్‌పాస్ ఫిల్టర్ పెట్టండి. ఆదర్శమైన 12 బిట్ల ఏడీసీకి సిగ్నల్‌కీ నాయిజ్‌కీ నిష్పత్తి 74 డెసిబెల్‌లు రావాలి. 68 వస్తే నిజంగా పనిచేస్తున్నవి 11 బిట్లు. ఇన్‌పుట్ 100 కిలోహెర్ట్జ్ దగ్గరకు పోయినప్పుడు అంకె 64కి పడిపోతే క్లాక్‌లో ఒక నానోసెకను జిట్టర్ (అంచులు అటూ ఇటూ కదలడం) ఉందేమో చూడండి, జిట్టర్ ఒక్కదాని లెక్క దాదాపు అంతే వస్తుంది. ఇదే 4096 శాంపిళ్లు, ఇదే ఫ్రీక్వెన్సీ సిమ్యులేషన్‌లోనూ వాడి ఉంటే రెండు ఎఫ్ఎఫ్‌టీలను పక్కపక్కన పెట్టి ఏ గీత కొత్తగా మొలిచిందో చూడవచ్చు.

మీ పేజీకి నా విన్నపం ఒకటే. ఇకముందు మిశ్రమ సర్క్యూట్ బొమ్మ వేసేటప్పుడు దాని కింద అవుట్‌పుట్ ఎక్కే సమయం, సోర్స్ రెసిస్టెన్స్, శాంప్లింగ్ సమయం, వాడిన రెల్‌టాల్ ముద్రించండి. బోర్డు మీద తీసిన హిస్టోగ్రామ్ ఉంటే సిమ్యులేషన్ గ్రాఫ్ పక్కనే దానికీ చోటివ్వండి.

ఇట్లు,
ఒక సర్క్యూట్ ఇంజినీరు